కన్యాశుల్కనాటకమున వివాహకర్తృత్వవిచారము

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కనాటకమును గూర్చి వెలువడిన విమర్శనములు పెక్కులు. వానిలోఁ గొన్ని భాషావిషయకములు, మఱికొన్ని పాత్రవిషయకములు. వ్యావహారికభాష నాటకమునకుఁ దగునా తగదా యను వివాదమున నొక తరము పండితులు శ్రమించిరి. గిరీశము నాయకుఁడా, మధురవాణి నాయికయా, లేక యీ నాటకమునకు నాయకుఁడే లేఁడా యను విచారమున మఱియొక తరము శ్రమించెను. ఈ రెండు విచారములును సార్థకములే. కాని గ్రంథమునకుఁ బేరైన పదము దేనిని సూచించుచున్నదో యా విషయమును ముఖ్యముగాఁ గొని పరిశీలించినవారు తక్కువ. వివాహమను వ్యవహారము దేనిచే సిద్ధించును? దేనిచేఁ జెడును? అందుఁ గర్త యెవఁడు? ఈ ప్రశ్నలను విడిచి, నాటకము సంఘసంస్కారార్థము రచింపఁబడినదను నొక్క వాక్యముతో నా భాగమును దాఁటిపోవుట పరిపాటి యైనది. ఈ ప్రశ్నలే నాటకమునకు వెన్నెముక యనియు, వానిని వదలిన విమర్శనము హాస్యమును మాత్రము గ్రహించి యర్థమును విడిచినదగు ననియు నిరూపించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

దేశకాలముల నెఱుఁగుట యిందులకు ముందు కావలసినది. అప్పారావుగారు 1862లో జన్మించిన సర్వసిద్ధి రాయవరము నేఁటి అనకాపల్లి జిల్లాలోనిది. నర్సీపట్టణమును ఆ జిల్లాలోనిదే. 2022లో జిల్లాల పునర్విభాగము జరుగువఱకు నీ రెండును విశాఖపట్టణము జిల్లాకుఁ జేరినవి. నాటకము 1892లో విజయనగరమునఁ బ్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమై, మిక్కిలి మార్పులతో 1909లో ద్వితీయముద్రణము నందెను. ప్రథమముద్రణపు టుపోద్ఘాతమున గ్రంథకర్త యొక లెక్క నిచ్చియున్నాఁడు. విజయనగరప్రభువగు ఆనందగజపతి మహారాజు విశాఖపట్టణమండలమున బ్రాహ్మణకుటుంబములలో మూఁడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టికను వ్రాయింపఁగా నవి 1034గాఁ దేలినవి. ఆ వధువులలో ఏఁడాది ప్రాయపు పసిబిడ్డలు మువ్వురు. ఒక్కొక్క బిడ్డకుఁ బలికిన వెల 350 మొదలు 400 రూపాయల వఱకు. కావున నాటకములోని సుబ్బి కవికల్పితయే యైనను, ఆమెవంటి బాలికలు పట్టిక కెక్కినవారు. రామచంద్రపురపు లుబ్ధావధానులు చేసిన బేరము మండలమున నేఁటేఁట జరిగిన బేరములలో నొకటి.

ఇఁక శాస్త్రము. స్మృతికారులు వివాహముల నెనిమిదిగా విభజించి, ధనమిచ్చి కన్యను గ్రహించుట యాసుర మనిరి. మనువు తండ్రి శుల్కమును గ్రహింపరాదని తృతీయాధ్యాయమున నిషేధించి, నవమాధ్యాయమున నా నిషేధమునే మరల దృఢపఱచెను. అయినను అష్టమాధ్యాయమున, ఒక కన్యను జూపి వేఱొక కన్య నిచ్చినచో వరుఁడు ఒక్క శుల్కమునకే యిరువురను బరిగ్రహింపవచ్చునని విధించెను. నిషిద్ధమైన దానికి నష్టపరిహారమును విధించుట విరుద్ధముగాఁ దోఁచును. వ్యాఖ్యాతలు దీనిని బలువిధముల సమన్వయించిరి. సమన్వయ మెట్లున్నను, నిషేధముండఁగనే ఆచారమును నుండె ననుట యీ వచనముల కలయికచేతనే స్పష్టము.

పూర్వమీమాంసయందు షష్ఠాధ్యాయప్రథమపాదమున నిదియే ప్రశ్న వేఱొక రూపమున వచ్చినది. స్త్రీలు క్రయవిక్రయములకు లోనగువారు గావున వారికి ద్రవ్యముపై స్వామిత్వము లేదు, స్వామిత్వము లేనందున యాగాధికారమును లేదని పూర్వపక్షము. అది నిజమైన క్రయము గాదు, ధర్మమాత్రముగా నిచ్చునది, స్త్రీకిని ఫలార్థిత్వమును స్వామిత్వమును గలవని జైమిని సిద్ధాంతము. రెండువేల యేండ్లకు మునుపే పూర్వపక్షముగాఁ ద్రోయఁబడిన మాటను అగ్నిహోత్రావధానులు సిద్ధాంతముగాఁ జేసికొని బ్రదుకుచున్నాఁడు. వేదము వల్లించిన యవధాని మీమాంసలోని పూర్వపక్షము నాశ్రయించుటకంటె ఘాటైన యపహాస్యము వేఱొకటి యుండదు. గ్రంథకర్త దీనిని వాచ్యముగాఁ జెప్పలేదు, కాని పాత్రకుఁ బెట్టిన పేరే దానిని ధ్వనింపఁజేయుచున్నది.

మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో స్త్రీపుంధర్మ మొకటి, క్రయవిక్రయానుశయ మొకటి, అస్వామివిక్రయ మొకటి. దంపతుల ధర్మము మొదటిది. కొని లేక యమ్మి పశ్చాత్తాపపడుట రెండవది. తనది గాని వస్తువును విక్రయించుట మూఁడవది. పెండ్లి స్త్రీపుంధర్మమునకుఁ జేరవలసినది. నాటకమున నది క్రయవిక్రయానుశయములోనికి జాఱినది. 1800 రూపాయలకు సుబ్బిని గైకొన నొడంబడిన లుబ్ధావధానులు, తక్కువ వెలకు మఱియొక పిల్ల దొరకునని వినఁగానే మొదటి బేరమునకు వగచి దానిని విడిచెను. తాంబూలము లిచ్చితి నను అగ్నిహోత్రావధానుల వాదము లోకమున నానుడి యైనది. కాని తాంబూలములు వివాహము గావు. నాఁడును నేఁడును నిశ్చితార్థము వాగ్దానమాత్రము. దానిని దప్పినవానిపై నష్టమునకు దావా వేయవచ్చునేమో కాని, నిశ్చితార్థమును జూపి యొకరిని బలవంతముగా పెండ్లిపీటపైఁ గూర్చుండఁబెట్టు నధికారము ఏ న్యాయస్థానమునకును లేదు. అవధానులు తాంబూలమునకు లేని బలమును దానికిఁ గట్టఁబెట్టి, యది చెల్లకపోఁగా వ్యాజ్యములకు దిగెను. తాను విక్రయించునది తనది యౌనా కాదా యను మూఁడవ ప్రశ్న మాత్ర మాతనికిఁ దోఁచనే లేదు.

ఈ స్థలమున వ్యాకరణము మిక్కిలి సాయపడును. స్వతంత్రుఁడై క్రియను నడపువాఁడు కర్త. కర్త క్రియచే మిక్కిలి పొందఁగోరినది కర్మము. కర్మముచే నెవ్వని నుద్దేశించునో యతఁడు సంప్రదానము. ఇది పాణినీయమునఁ గారకవ్యవస్థ. కన్యాదానమను సమాసమును విడఁదీసినచో తండ్రి కర్త, కన్య కర్మము, వరుఁడు సంప్రదానము. శుల్కమిచ్చి కొన్నచో వరుఁడు కర్త, ధనము కరణము, తండ్రి యపాదానము, కన్య మరలఁ గర్మమే. దానమైనను విక్రయమైనను ఆమె కారకము మాఱుట లేదు. శుల్కమును నిషేధించి దానమును స్తుతించినంత మాత్రమున నామెకుఁ గర్తృత్వము రాదు. ఈ సూక్ష్మమును గుర్తింపక, కన్యాశుల్కము పోయినది గనుక నాటకమునకుఁ బ్రయోజనము తీఱిన దనువారు కరణమును మాత్రము చూచి కర్మమును జూడనివారు.

అయితే శాస్త్రముననే వేఱొక మార్గమును గలదు. ఉపపూర్వకమైన యమధాతువు తనదిగాఁ జేసికొను నర్థమున నాత్మనేపది యగునని పాణిని విధించెను. కాశికాకారులు అచ్చట స్వకరణ మనఁగా పాణిగ్రహణ మనిరి. ఆత్మనేపదమున క్రియాఫలము కర్తనే చేరును. తెలుఁగున నీ పని కొను వర్ణకము చేయును. తండ్రి కూఁతునకుఁ బెండ్లి చేసెను, కూఁతురు పెండ్లి చేసికొనెను. ఈ రెండు వాక్యముల నడుమఁ గల భేదము కొను వర్ణకమొక్కటియే. ధనమిచ్చి గ్రహించుటకును తెనుఁగున కొనుట యనియే పేరు. ఒకే ధాతువు ఒక వాక్యమున క్రయమును, మఱియొక వాక్యమున స్వాతంత్ర్యమును దెలుపుచున్నది. కన్యను గొనుట యను ప్రయోగమునుండి కన్య పెండ్లి చేసికొనుట యను ప్రయోగమువఱకు జరిగిన ప్రయాణమే యీ దేశమున వివాహశాసనచరిత్ర యనినఁ దప్పు లేదు.

ఈ దృష్టితో నాటకమునఁ గల వధువులను బరిశీలింపవలెను. సుబ్బి పెండ్లికే కథ యంతయుఁ బుట్టినది, కాని సుబ్బి నోటఁ బలుకులు మిక్కిలి తక్కువ. పాత్రపోషణమున నిది లోపమని యాక్షేపింపవచ్చును. కాని కర్మకారకమునకు వాక్కు లేదు. బేరమున నామెను సంప్రశ్నించినవారు లేరు గనుక రంగమునను ఆమెకు మాట లేదు. తల్లి వెంకమ్మకు మాట యున్నది, అధికారము లేదు. నాఁటి ధర్మశాస్త్రవ్యవహారమునఁ గన్యను ఇచ్చుటకు మొదటి యధికారము తండ్రిదే. ఆమె భర్తను వారింపలేక నూతిలోఁ బడుటకు సిద్ధపడినది. చట్టమున నామెకు మిగిలిన ద్వార మేదియు లేదని చెప్పుటకు ఆ నూతికంటె వేఱు సాక్ష్యము వలదు.

బుచ్చమ్మ విధవ. విధవాపునర్వివాహమును సిద్ధమైన వివాహముగా నంగీకరించిన చట్టము 1856లోనే పుట్టినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమునఁ గందుకూరి వీరేశలింగముగారు మొదటి విధవావివాహమును జరిపించిరి. కావున బుచ్చమ్మకు నాఁటికే శాసనముచేఁ గర్తృత్వము కొంత వచ్చినది. ఆమె గిరీశముతో వెడలుట తన యిచ్ఛచేతనే. కాని యా యిచ్ఛను గల్పించినవి గిరీశముని బూటకపు మాటలు. ఎఱుక లేని యిచ్ఛ కర్తృత్వము గాదని సౌజన్యారావు పంతులు గ్రహించి, యామెను గిరీశమునకు విడువక పూనాలోని విధవాశ్రమమునకుఁ బంపించుటకు నిశ్చయించెను. విధవావివాహమునకు మిత్రుఁడైన పంతులే యీ విధవావివాహమును నిలుపుట విరుద్ధముగాఁ గొందఱకుఁ దోఁచును. విరోధము లేదు. ఆతఁడు నిలిపినది వివాహమును గాదు, వంచనను.

మూఁడవ వధువు కరటకశాస్త్రి శిష్యుఁడు. ఆడువేషము దాల్చి, గుంటూరు శాస్త్రుల కూఁతురుగా లుబ్ధావధానుల యింటఁ బెండ్లిపీటపైఁ గూర్చుండినవాఁడు. విమర్శకులు దీనిని ప్రహసనోచితమైన చమత్కారముగా మాత్రమే గణించిరి. నాటకమంతటను జరిగిన పెండ్లి యిదియొక్కటియే. ఎఱిఁగి, యిష్టపడి, తాను చేయున దేమో తెలిసి పీట నెక్కిన వధువు ఒక్కతెయే. ఆ వధువు బాలుఁడు! నిజమైన బాలికలలో నెవ్వరికిని లేని యెఱుకయు నంగీకారమును వేషధారికి మాత్రము గలిగినవి. ఆ సంఘమున వధువునకుఁ గర్తృత్వము గలుగవలె నన్నచో నామె ముందుగాఁ బురుషుఁడు గావలెను. దీనికంటెఁ దీవ్రమైన యభియోగమును శాసనసభలో నెవ్వరును జేసియుండరు.

కథ వంచనపై నిలిచినది గనుక నీచహాస్య మనునది యొక యాక్షేపము. వంచన తగిన సాధనమా యని యడుగుటకు ముందు తగిన సాధన మేది యుండెనని యడుగవలెను. 1891లో వచ్చిన వయోనియమచట్టము బాలికతోడి సంసర్గమునకుఁ గనిష్ఠవయస్సును పండ్రెండుగాఁ జేసినదే కాని వివాహమును స్పృశింపలేదు. బాల్యవివాహమును దండనీయము చేసిన శారదాచట్టము 1929లోఁ బుట్టి, 1930 ఏప్రిలు 1 నుండి యమలునకు వచ్చినది. అదియు బాలికకుఁ బదునాలుగేండ్లు, బాలునకుఁ బదునెనిమిదేండ్లు విధించి, మీఱినవారిని దండించెనే కాని జరిగిన పెండ్లిని గొట్టివేయలేదు. కావున వెంకమ్మకుఁ గాని కరటకశాస్త్రికిఁ గాని న్యాయస్థానపు మెట్లెక్కి చెప్పుకొనుటకుఁ దగిన మాటయే లేదు. శాసనము మౌనము వహించినచోట మాయ మాటలాడినది. వంచనను వినోదముగాఁ జూపినాఁడని కవిని నిందించుట కంటె, వంచన తప్ప వేఱు రక్ష లేని కాలమును జూపినాఁడని యెఱుఁగుట మేలు.

ఆ కాలమునకును నేఁటికిని నడుమ శాసనము నడచిన దూరమును నాటకముతోఁ గొలుచుట సుకరము. 1955 మే 18 నుండి యమలులోనున్న హిందూవివాహశాసనము వివాహమునకు నియమముల నేర్పఱచినది. వధూవరులలో నెవ్వరికిని బ్రదికియున్న భర్త గాని భార్య గాని యుండరాదు. అంగీకార మిచ్చుటకుఁ దగిన స్వస్థచిత్త ముండవలెను. వరునకు 21, వధువునకు 18 ఏండ్లు నిండవలెను. ఈ ప్రాయములు 1978 సవరణముచే నిట్లు స్థిరపడినవి. నిషిద్ధసంబంధమును సాపిండ్యమును ఉండరాదు. సాపిండ్యము తల్లివైపున మూఁడు, తండ్రివైపున నైదు తరములు. అయితే ఇరుపక్షముల యాచార మనుమతించినచో నిది బాధింపదు. మేనఱికములును మేనమామ సంబంధములును తెలుఁగుదేశమున నిలిచియుండుట యీ మినహాయింపుచేతనే. ఆచార మనఁగా నొక యింటివారి యిష్టము గాదు, చిరకాలముగా నెడతెగక యేకరీతిగా నడచినదై యుండవలెను.

ఇరుపక్షములలో నొకరి యాచారానుసారముగఁ గర్మకలాపము జరుగవలెను. సప్తపది యాచారమైనచోట, వధూవరు లిరువురును గలిసి యగ్నిసాక్షిగ నేడవ యడుగు వేయుటతో వివాహము పరిపూర్ణ మగునని శాసనము. ఇచ్చట గమనింపవలసినది క్రియాపదము. అడుగు వేయుట యను క్రియకు ఇరువురును గర్తలు. కన్యాదానమునఁ గర్మమైనది సప్తపదియందుఁ గర్తయైనది. శాసనకర్తలు దానమును గాక పదమును వివాహసిద్ధికి హేతువుగాఁ గైకొనుట యాదృచ్ఛికముగాఁ దోఁపదు.

అంగీకారమును బలాత్కారముచేఁ గాని మోసముచేఁ గాని పొందినచో వివాహమును రద్దు చేయించుకొనవచ్చును. మోసము బయటపడిన యేఁడాదిలోపల నర్జీ పెట్టవలెను. లుబ్ధావధానులకు నేఁ డీ సూత్ర మెక్కడ వర్తించునో విద్యార్థు లడుగుదురు. ఆతనికి రద్దు చేయించుకొనవలసిన పెండ్లియే లేదు, పీటపైఁ గూర్చున్నది వధువే కానందున. ధర్మి లేనిచోట ధర్మవిచారము పొసఁగదు. ఆతనిపై వచ్చిన హత్యాభియోగము ఈ కారణముచేతనే వింతయైనది. లేని భార్యను జంపెనని యుండుటకు వీలులేని నేర మాతనిపైఁ బడినది. బేరమునందు నిజమును విడిచినవానిని న్యాయమునందు నిజమే రక్షింపవలసివచ్చెను. ఆ నిజమును జెప్పినది పెండ్లి యను సంస్థకు వెలుపల నుంచఁబడిన మధురవాణి.

సుబ్బివంటి బాలికకు నేఁడు 2006 నాఁటి బాల్యవివాహనిషేధశాసనము కలదు. అది 2007 నవంబరు 1 నుండి యమలులోనున్నది. బాల్యమునఁ బెండ్లియైనవారు ప్రాయము వచ్చిన రెండేండ్లలోపల న్యాయస్థానమున నర్జీ పెట్టి యా పెండ్లిని రద్దు చేయించుకొనవచ్చును. పెండ్లి జరిపించినవారికి రెండేండ్లవఱకుఁ గఠినకారాగారమును, లక్ష రూపాయలవఱకు జరిమానాయుఁ గలవు. అంతకంటె ముఖ్య మొకటి. బాలికను వివాహార్థము విక్రయించి పెండ్లితంతు జరిపినచో నా వివాహము మొదటినుండియు శూన్య మని యా శాసనము చెప్పుచున్నది. రద్దు చేయవలసిన పనియే లేదు, అది పుట్టనే లేదు. అగ్నిహోత్రావధానుల బేర మీ వాక్యమున నక్షరాల నిమిడియున్నది. మొదటి ముద్రణమునుండి నూఱేండ్లు దాఁటిన పిమ్మట శాసనము నాటకమును అందుకొన్నదని చెప్పవచ్చును.

1961 జూలై 1 నుండి యమలునకు వచ్చిన శాసనమును తెలుఁగున వరకట్ననిషేధచట్ట మనుచున్నారు. ఈ పేరొక చిక్కును దెచ్చినది. వరునకిచ్చు కట్నము వరకట్నము. కావున కన్య తండ్రికిచ్చు శుల్క మీ చట్టమునకు వెలుపలిదని సామాన్యులు తలఁతురు. మూలమునఁ గల నిర్వచనము వేఱు. వివాహసందర్భమున నొక పక్షమువారు గాని వారి తల్లిదండ్రులు గాని యితరులు గాని, రెండవ పక్షమునకుఁ గాని యితరులకుఁ గాని యిచ్చిన లేక యియ్య నొడంబడిన యాస్తి యంతయు నందుఁ జేరును. మహమ్మదీయుల మహరు తప్ప వేఱు మినహాయింపు నిర్వచనమునఁ గానరాదు. దాతృగ్రహీతల లింగ మచ్చట వివక్షితము గాదు. పదార్థమును జూచినచో వరశుల్కమును కన్యాశుల్కమును రెండును నిషిద్ధములే. అనువాదమున నొక పూర్వపదమును జేర్చుటచే శాసనమున సగము మఱుఁగుపడినది. శబ్దప్రయోగమున జాగరూకత పండితులకు వినోదము మాత్రమే కాదనుట కిదియే నిదర్శనము.

ఆ చట్టమున శిక్ష అయిదేండ్లకుఁ దక్కువ గాని కారాగారము, దానితోడ 15,000 రూపాయలు లేక కట్నపు విలువ, వీనిలో నేది యెక్కుడో యంతకుఁ దక్కువ గాని జరిమానా. ప్రత్యేకకారణముల వ్రాసి న్యాయాధిపతి కారాగారవాసమును దగ్గింపవచ్చును. అడుగక ప్రేమతో నిచ్చిన కానుకలు నేరములు గావు, కాని 1985 నాఁటి నియమముల ప్రకారము వానికిఁ బట్టిక వ్రాసి సంతకములు చేయవలెను. కట్నము వేఱొకరి చేఁ బడినచో వివాహానంతరము మూఁడు మాసములలోపల దానిని వధువునకు బదలాయింపవలెనని మఱియొక విధి. నిషేధమును మీఱి యిచ్చినప్పుడు సైతము శాసనము ధనమునకు సంప్రదానకారకమును వరునినుండి వధువునకు మార్చినది. వివాహసందర్భమున స్త్రీకిచ్చిన ధనము స్త్రీధన మనియు, భర్త దానికి యజమాని గాఁ డనియు 1985లో సర్వోన్నతన్యాయస్థానము స్థిరపఱచినది. ఇవి ముహూర్తము పెట్టించుటకు ముందే యిరువైపుల పెద్దలు నెఱుఁగఁదగినవి. విందునకును బాజాలకును లెక్క వ్రాయు చేయి ఈ పట్టికను వ్రాయుటకుఁ గుంటుపడ నక్కఱ లేదు.

పెండ్లి నమోదును గూర్చియు నపోహలు రెండు. తంతు జరిగినది గనుక నమోదక్కఱలేదని కొందఱు, నమోదైనది గనుకఁ దంతక్కఱలేదని మఱికొందఱు. ఆంధ్రప్రదేశమున వివాహముల నమోదును నిర్బంధము చేసిన శాసనము 2002 నాఁటిది. 2006లో సర్వోన్నతన్యాయస్థానము దేశమంతట నట్లే చేయవలెనని యాదేశించెను. నమోదు కానంత మాత్రమున హిందూవివాహము చెడదు. కాని వారసత్వమునందును, భరణమునందును, ద్వితీయవివాహమును నిరూపించునప్పుడును నమోదుపత్రము బలవత్తరమైన సాక్ష్యము. తంతు జరుగక పత్రము మాత్రము పొందినచో హిందూవివాహము సిద్ధింపదని 2024 ఏప్రిలులో సర్వోన్నతన్యాయస్థానము స్పష్టపఱచినది. తంతుతోఁ బనిలేక పెండ్లియాడఁగోరువారికిని, భిన్నమతస్థులకును 1954 నాఁటి ప్రత్యేకవివాహశాసనము కలదు. ఇరువురిలో నొక్కరైన ముప్పది దినములు నివసించిన జిల్లాలోని వివాహాధికారికి నోటీసు నియ్యవలెను. అది ప్రకటింపఁబడిన ముప్పది దినములకుఁ బిమ్మట, ఆక్షేపణ లేమియు నిలువనిచో, మువ్వురు సాక్షుల యెదుట వివాహము జరుగును. బుచ్చమ్మకు నేఁ డీ మార్గము గలదు. గిరీశమునకు మాత్ర మా ముప్పది దినములు దుర్భరములై యుండును. మాటలతో నడచువానికి గడువే శత్రువు.

నర్సీపట్టణమున నిలిచి చూచువారి కీ విచారము మఱియొక మెట్టు దాఁటును. ఈ యూరు తూర్పుకనుమల పాదమున నున్నది. ఎగువనున్న చింతపల్లి, గూడెము కొత్తవీథి ప్రాంతములు 2022లో నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివి. దిగువ గ్రామములకును మన్యమునకును ఈ యూరు కూడలి. హిందూవివాహశాసనము, కేంద్రప్రభుత్వము ప్రకటించిననే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తింపదని యా శాసనముననే యున్నది. వారి వివాహములకు వారి యాచారమే ప్రమాణము. ఆ యాచారములలో ఓలి యొకటి. ఓలి, ఉంకువ యను నచ్చతెనుఁగు పదములకు నిఘంటువులు కన్యాశుల్క మనియే యర్థము చెప్పును. అయినచో మన్యపు టోలియు, అగ్రహారపు శుల్కమును ఒకటియేనా?

శబ్దార్థ మొకటియే గాని వ్యవహారార్థము వేఱని కొందఱు. పాటుపడు పిల్ల యిల్లు విడుచుటచే నా యింటికిఁ గలుగు లోటునకు ఓలి పరిహార మనియు, పసిబిడ్డకు వెలకట్టిన యగ్రహారపు బేరముతో దానిని జతపఱుపరాదనియు వారి వాదము. ఈ భేదము నిరాధారము గాదు. కాని ధనమునకుఁ బరిహార మని పేరు పెట్టినను, వెల యని పేరు పెట్టినను, పరీక్షింపవలసినది ధనమును గాదు. పిల్ల యొప్పుకొన్నదా? ఆమెకుఁ బ్రాయము వచ్చినదా? కాదనుట కామెకు వీలున్నదా? ఈ మూఁడును ఉన్నచో నామె కర్త. లేనిచో నది ఓలి యైనను, కట్న మైనను, పైకము లేని కన్యాదాన మైనను ఆమె కర్మమే. బాల్యవివాహనిషేధశాసనము కొండను దిగువను భేదింపక యందఱు బాలికలకును వర్తించుటలోని యాంతర్య మిదియే. ప్రాయము వచ్చినవారు తమ జోడును దామే యేర్పఱచుకొనుట వారి హక్కని 2018లో సర్వోన్నతన్యాయస్థానము చెప్పిన మాటయు నిందులకే చేరును.

నాటకమున దోషములు లేవా యనినఁ గలవు. సుబ్బి విముక్తి న్యాయముచేఁ గాక యుపాయముచేఁ గలిగినది. అగ్నిహోత్రావధానుల మనస్సు మాఱుటకుఁ గారణము ధర్మబోధము కాదు, నష్టమును బరాభవమును. రేపు మఱియొక లుబ్ధావధానులు వచ్చినచో సుబ్బిని రక్షించునది నాటకమున నేదియు లేదు. సౌజన్యారావు పంతులు సజ్జనుఁడే, కాని స్త్రీలను గూర్చి నిర్ణయించుచోట నాతఁడును వారిని సంపూర్ణముగా నడుగఁడు. బుచ్చమ్మను విధవాశ్రమమునకుఁ బంపుట హితమే యైనను ఆ వాక్యమునందును బంపువాఁడు పంతులు, పంపఁబడునది బుచ్చమ్మ. సంస్కర్త చేతను గర్మకారకము గర్మముగనే మిగిలినది. ఇది కవి దోషమా, కవి చూపఁదలఁచిన కాలదోషమా యనుట దుర్నిర్ణయము. రెండవదే యని తలఁచుటకు మధురవాణి యాధారము. స్త్రీలలో నామె యొక్కతెయే తాను తలఁచినది తాను జేసినది, స్వతంత్ర యగుట యెట్లో యెఱిఁగినది. ఆమెను వివాహమునకు వెలుపల నిలిపి, లోపల నున్నవారి నందఱను మూఁగలఁ జేసిన కూర్పు కవికిఁ దెలియక జరిగినది గాదు.

ఈ నాటకభాగములను బాఠశాలలలో బోధించునప్పుడు హాస్యమును, జాతీయములను, పాత్రోచితభాషను వివరించి విడుచుట సామాన్యము. తరగతిలో నెదుటఁ గూర్చున్న పదునాలుగేండ్ల పిల్లకు, ఆమెవంటిదాని వివాహమే కథావస్తు వని చెప్పక విడుచుట బోధనమునకు లోపము. ఏ ప్రాయమునఁ బెండ్లి చెల్లును, ఏ తాంబూలము బంధింపదు, ఏ ధనము తనది, కాదనుటకుఁ దనకు గడువెంత యను నీ నాలుగు మాటలు వ్యాకరణపాఠముతోఁ గలిపి చెప్పవచ్చును. పెండ్లి చేయు, పెండ్లి చేసికొను అను రెండు క్రియలను నల్లబల్లపై వ్రాసి, వానిలోఁ గర్త యెవరని యడిగినఁ జాలును. అప్పారావుగారు నాటకమంత పొడవున నడిగిన ప్రశ్న యదియే.